మేనల్లుడికి పన్ను నొప్పి, చేతిలో ఇన్సూరెన్స్ లేదు: ముందు ఏం చేయాలి?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అన్నయ్యవాళ్లు ఇర్వింగ్‌లో ఉంటారు. అన్నయ్య ఉద్యోగం పోయి నెలన్నర అవుతోంది. ఆ నెలాఖరుతో వాళ్లింట్లో అందరికీ మెడికల్, డెంటల్ ఇన్సూరెన్స్ రెండూ ఆగిపోయాయి. మేనల్లుడికి 22 ఏళ్లు, ఇక్కడే పుట్టాడు. ఒక వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్ చేస్తూ నెలకు 1,600 డాలర్ల దాకా తెచ్చుకుంటున్నాడు. వాడి చెల్లికి 16. వాడికి కుడివైపు కింది దవడలో పన్ను రాత్రిళ్లు నిద్రపోనివ్వడం లేదు. దగ్గర్లో ఒక డెంటిస్ట్‌కు చూపిస్తే రూట్ కెనాల్, క్యాప్, డీప్ క్లీనింగ్ కలిపి 4,500 డాలర్లని కాగితం చేతిలో పెట్టారు. అప్పట్నుంచీ వాడు ‘నొప్పి తగ్గింది అత్తా, వదిలెయ్’ అంటున్నాడు. అమ్మేమో హైదరాబాద్ పంపించెయ్యమంటోంది. వాణ్ని నా ఇన్సూరెన్స్‌లో చేర్చుకోవచ్చా? లేదంటే ఏ డెంటల్ ఇన్సూరెన్స్ కొనాలి? తక్కువ ఖర్చులో ఎక్కడ చేయించాలి?

జవాబు: అమ్మా, ముందు మీ మొదటి ప్రశ్న తేల్చేద్దాం. కంపెనీలు ఇచ్చే ప్లాన్లలో భార్య లేదా భర్త, పిల్లలు, చట్టప్రకారం గార్డియన్‌గా ఉండి పెంచుతున్న పిల్లలు, మామూలుగా ఇంతవరకే చేర్చుకోనిస్తారు. మేనల్లుడికి అందులో చోటుండదు. మీకు హెచ్‌ఎస్‌ఏ (పన్ను మినహాయింపుతో వైద్యానికి దాచుకునే ఖాతా) ఉన్నా ఆ డబ్బుతో వాడి బిల్లు కట్టడమూ కుదరదు. వాడు మీ ట్యాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్ కాడు కదా. మీ జేబులోంచి సాయం చేయడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

రెండో ప్రశ్న, ఏ ఇన్సూరెన్స్ కొనాలన్నది, ఈ పన్ను వరకు పక్కన పెట్టేయండి. ఇది చాలామంది పొరబడే చోటు. సొంతంగా కొనుక్కునే డెంటల్ ప్లాన్లలో ఎక్కువ వాటికి క్లీనింగ్, ఎక్స్‌రేలు మొదటి రోజు నుంచే వర్తిస్తాయి. ఫిల్లింగ్‌లకు కొన్ని నెలలు, క్యాప్ (క్రౌన్) లాంటి పెద్ద పనులకు తరచుగా ఏడాది వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. ఆ తర్వాత కూడా పెద్ద పనులకు సగమే ఇస్తారు, అదీ ఏడాదికి 1,000 నుంచి 2,000 డాలర్ల పరిమితి దాకానే. ఈ రోజు ప్లాన్ కొని రేపు రూట్ కెనాల్‌కు వెళ్తే ప్రీమియమూ పోతుంది, బిల్లూ మిగులుతుంది.

దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. అందుకే మీ ఉత్తరంలో ‘నెలన్నర’ అన్న మాట చూసి ఈ జవాబు త్వరగా రాస్తున్నాను. ఉద్యోగం పోయినవాళ్లు పాత ప్లాన్‌నే సొంత ఖర్చుతో కొనసాగించుకునే హక్కును కోబ్రా అంటారు. ఇరవై మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీలకు ఇది వర్తిస్తుంది, ఉద్యోగం పోతే 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు. కోబ్రా పేరు వినగానే మీ అన్నయ్య బెదిరిపోయి ఉంటారు, ఎందుకంటే కుటుంబమంతటికీ మెడికల్ ప్లాన్ అంటే నెలకు తడిసి మోపెడవుతుంది. కానీ ఇందులో రెండు సంగతులు చాలామందికి తెలియవు. ఒకటి, ఇంట్లో ఎవరి హక్కు వాళ్లదే. నాన్న వద్దనుకున్నా కొడుకు ఒక్కడే తన వరకు తీసుకోవచ్చు. రెండు, కంపెనీలో డెంటల్ ప్లాన్ మెడికల్‌తో ముడిపడకుండా విడిగా ఉంటే ఆ డెంటల్ ఒక్కటే ఎంచుకోవచ్చు. ఒక్క మనిషికి డెంటల్ ప్రీమియం, పైన 2 శాతం నిర్వహణ ఖర్చు కలిపినా మెడికల్‌తో పోలిస్తే చాలా తక్కువ. పాత ప్లానే కొనసాగుతుంది కాబట్టి కొత్తగా వెయిటింగ్ పీరియడ్ మొదలవదు. ఆగిపోయిన రోజు నుంచీ కవరేజీ వెనక్కి వర్తిస్తుంది, ఆ నెలల ప్రీమియం కూడా కట్టాలి.

అయితే గడువు 60 రోజులు. ఇన్సూరెన్స్ ఆగిన రోజు, కోబ్రా నోటీసు ఇచ్చిన రోజు, ఈ రెండిట్లో ఏది తర్వాతదైతే అక్కణ్నుంచి లెక్క. ఎంచుకున్నట్టు తెలియజేశాక మొదటి చెల్లింపుకు ఇంకో 45 రోజులు ఉంటాయి. కాబట్టి ఈ వారంలోనే మీ అన్నయ్యను ఆ కవరు వెతికి తీయమనండి. ఉద్యోగం పోయిన ఇంట్లో ఇలాంటి కవర్లు విప్పకుండా అల్మారాలో పడి ఉండటం మామూలే. దాన్ని విప్పాలంటేనే మనసు రాదు. మీరు వెళ్లి ఆయనతో కలిసి విప్పండి. పాత ప్లాన్‌లో రూట్ కెనాల్‌కు ఎంత శాతం ఇస్తారో, ఈ ఏడాది పరిమితిలో వాడిది ఇంకా ఎంత మిగిలిందో ఒక్క ఫోన్‌తో తెలుస్తుంది. ఇంకో లాభం, నెట్‌వర్క్‌లో ఉన్న డెంటిస్ట్ దగ్గరికి వెళ్తే ఇన్సూరెన్స్ వాళ్లతో ఒప్పుకున్న ధరకే చేయాలి. చాలాసార్లు ఆ తేడాయే బిల్లులో పెద్ద భాగం తగ్గిస్తుంది.

ఇక నొప్పి తగ్గిందన్న మాట. ఇది నన్ను కంగారు పెట్టింది. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని నొప్పి ఉన్నట్టుండి పోయిందంటే రెండు కారణాలుండొచ్చు. అత్తకు ఖర్చు పెట్టించకూడదని అబద్ధం చెబుతూ ఉండొచ్చు. లేదా పన్ను లోపలి నరం చచ్చిపోయి ఉండొచ్చు. నరం చచ్చిపోతే నొప్పి ఆగుతుంది, ఇన్ఫెక్షన్ ఆగదు. అది వేరు కింద ఎముకలోకి దిగి, కొన్ని వారాల తర్వాత చీము, వాపుతో మళ్లీ పైకొస్తుంది. బుగ్గ గాని దవడ గాని వాచినా, జ్వరం వచ్చినా, నోరు సరిగ్గా తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా ఇక డెంటిస్ట్ కోసం వెతక్కుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఇన్సూరెన్స్ లేదని అక్కడ వెనక్కి పంపకూడదు. పరీక్షించి, ప్రాణాపాయం ఉంటే స్థిరపరచాలని 1986 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. బిల్లు తర్వాత వస్తుంది, దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు. కానీ ఈ లక్షణాలేవీ లేకుండా కేవలం పన్ను నొప్పికి ఎమర్జెన్సీకి వెళ్తే మందులు రాసి పంపిస్తారు, పన్ను మాత్రం అలాగే ఉంటుంది.

మన ఇళ్లలో ఇంకో అలవాటు ఉంది, ఇండియా నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్ స్ట్రిప్పులో మిగిలినవి వేసేసుకోవడం. దయచేసి అది చేయనివ్వకండి. నరం చచ్చిన పన్ను లోపలికి రక్తప్రసరణ ఉండదు, మందు అక్కడికి చేరదు. ఒకటి రెండు రోజులు తగ్గినట్టనిపించి అసలు వైద్యం ఇంకా వెనక్కిపోతుంది. అపాయింట్‌మెంట్ దాకా నొప్పి ఆపుకోవడానికి ఐబుప్రొఫెన్, అసిటమినోఫెన్ కలిపి వాడటం బాగా పనిచేస్తుంది. డబ్బా మీద రాసిన మోతాదు దాటకూడదు. కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్య, ఉబ్బసం ఉంటే ముందు ఫార్మసిస్ట్‌ను అడగాలి. ఆస్పిరిన్ మాత్ర చిగురు మీద పెట్టుకోవడం మాత్రం వద్దు, చిగురు కాలిపోతుంది.

మీరు పంపిన ఎస్టిమేట్ కాగితం చూద్దాం. మొదట పన్ను నంబరు. అమెరికాలో పళ్లకు 1 నుంచి 32 దాకా నంబర్లుంటాయి. మీ కాగితంలో 30 అని ఉంది. అంటే కుడివైపు కింది మొదటి దవడపన్ను (మోలార్), నమలడంలో ఎక్కువ బరువు మోసే పళ్లలో ఒకటి. కాపాడుకోదగ్గ పన్ను. అదే 32 అని ఉంటే అది జ్ఞానదంతం, అప్పుడైతే పీకించెయ్యమనే చెప్పేవాణ్ని, ఖర్చూ బాగా తగ్గేది. పీకించడం చవకే కానీ 22 ఏళ్లకే ఆ స్థానంలో పన్ను పోతే పక్కవి ఒరిగిపోతాయి, పైపన్ను కిందికి దిగుతుంది, ఆపైన ఇంప్లాంట్ అంటే ఇప్పటి ఖర్చుకంటే ఎక్కువే అవుతుంది. మరీ దారి లేకపోతే తప్ప పీకించకండి.

తర్వాత కోడ్‌లు. డి3330 అంటే దవడపన్నుకు రూట్ కెనాల్, మీ కాగితంలో 1,450. డి2950 అంటే రూట్ కెనాల్ తర్వాత విరిగిన భాగాన్ని నింపి నిలబెట్టే బిల్డప్, 350. డి2740 అంటే సిరామిక్ క్రౌన్, అంటే క్యాప్, 1,500. ఈ మూడూ కలిపి 3,300. వీటిలో వంక పెట్టడానికేమీ లేదు, ధర బేరమాడొచ్చంతే. మిగిలిన 1,200 డి4341, నోటిలో నాలుగు భాగాలకూ డీప్ క్లీనింగ్. ఇక్కడ ఆగాలి. డీప్ క్లీనింగ్ నిజంగా కావలసింది చిగుళ్ల వ్యాధి ముదిరి ఎముక తగ్గిన వాళ్లకు. దానికి కొలత ఉంటుంది. చిగురుకూ పన్నుకూ మధ్య లోతును సన్నటి పుల్లలాంటి పరికరంతో మిల్లీమీటర్లలో కొలుస్తారు. 1 నుంచి 3 దాకా మామూలు. 4, 5, ఆపైన ఉండి, ఎక్స్‌రేలో ఎముక తగ్గినట్టు కనిపిస్తేనే ఈ పని అవసరం. 22 ఏళ్ల కుర్రాడికి నాలుగు వైపులా కావాలన్నారంటే ఆ కొలతల చార్ట్ చూపించమని అడగడం తప్పు కాదు. అప్పుడు వాళ్లు కొలుస్తూ అంకెలు చదివారా అని మీ మేనల్లుణ్ని అడగండి. కొలవనే లేదంటే ఇంకో డెంటిస్ట్ చూసేదాకా ఆ 1,200 పక్కన పెట్టండి. మామూలు క్లీనింగ్ సరిపోతే దగ్గర్లోనే దారి ఉంది. మెకినీలో కాలిన్ కాలేజీలో డెంటల్ హైజీన్ చదివే విద్యార్థులు టీచర్ల పర్యవేక్షణలో చేస్తారు, ఫీజు బయటికంటే చాలా తక్కువ.

ఆ ఆఫీసు నుంచి ఎక్స్‌రే కాపీ ఈమెయిల్‌లో తెప్పించుకోమనండి. అది అడిగే హక్కు వాడికుంది. వేరేచోట మళ్లీ తీయించుకునే ఖర్చు తప్పొచ్చు.

ఎక్కడ చేయించాలన్నదానికి నా మొదటి మాట డెంటల్ కాలేజీ. మీకు దగ్గర్లోనే, డాలస్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం వాళ్ల డెంటల్ కాలేజీ ఉంది. ‘విద్యార్థుల చేతిలో పెట్టాలా’ అని భయపడకండి. ప్రతి దశలోనూ లైసెన్స్ ఉన్న ప్రొఫెసర్ వచ్చి చూసి సరేనంటేనే తర్వాతి అడుగు. పైగా దవడపళ్ల రూట్ కెనాల్ తరచుగా అక్కడి ఎండోడాంటిక్స్ విభాగంలో చేస్తారు. అంటే డెంటిస్ట్ డిగ్రీ అయిపోయి, రూట్ కెనాల్‌లోనే స్పెషలైజేషన్ చేస్తున్న రెసిడెంట్లు మైక్రోస్కోప్ పెట్టుకుని చేస్తారు. ధర మామూలు క్లినిక్‌కంటే బాగా తక్కువ. దానికి బదులు సమయం ఇవ్వాలి. ఒక్కో సిట్టింగ్ మూడేసి గంటలు పట్టొచ్చు, మొదట స్క్రీనింగ్ అపాయింట్‌మెంట్ ఉండొచ్చు, షిఫ్టులు సర్దుకోవాలి. ఫోన్ చేసినప్పుడు ‘కొత్త పేషెంట్‌ను’ అంటే నెలల తర్వాత తేదీ ఇస్తారు. ‘నొప్పితో ఉన్నాను, 30వ నంబర్ పన్నుకు రూట్ కెనాల్ కావాలన్నారు, ఎక్స్‌రే నా దగ్గరుంది, అర్జెంట్ కేర్‌లో గానీ ఎండోడాంటిక్స్‌లో గానీ ముందుగా చూస్తారా’ అని అడగాలి. ఈ ఒక్క వాక్యం తేదీని ముందుకు జరపగలదు.

రెండో దారి కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు. ఇవి ఫెడరల్ నిధులతో నడుస్తాయి, ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తాయి. ఫెడరల్ పేదరిక రేఖ లోపు వాళ్లకు నామమాత్రం, దానికి రెట్టింపు లోపు వాళ్లకు మెట్లు మెట్లుగా తగ్గింపు. 2025లో ఒక్క మనిషికి ఆ రేఖ 15,650 డాలర్లు, రెట్టింపు 31,300. మీవాడి సంపాదన ఏడాదికి 19,200 దాకా వస్తుంది కాబట్టి వాణ్ని ఒక్కణ్నే లెక్కేసినా తగ్గింపు వస్తుంది. ఇంటివాళ్లందరినీ కలిపి లెక్కేస్తారా అన్నది ఆ సెంటర్ నియమం. నాన్నకు ఇప్పుడు జీతం లేదన్న సంగతి అప్పుడు వాళ్లకు చెప్పాలి. పే స్టబ్‌లు, ఐడీ, అడ్రస్ రుజువు తీసుకెళ్లాలి. వీటికి నిధులిచ్చే ఫెడరల్ సంస్థ హెచ్‌ఆర్‌ఎస్‌ఏ వెబ్‌సైట్‌లో ‘ఫైండ్ ఎ హెల్త్ సెంటర్’ అని ఉంటుంది, జిప్ కోడ్ కొడితే దగ్గర్లోవి చూపిస్తుంది. అన్నిట్లోనూ డెంటిస్ట్ ఉండడు, ఉన్నా కొన్నిచోట్ల దవడపళ్ల రూట్ కెనాల్ చేయరు. కాబట్టి ఫోన్‌లోనే ఆ సంగతి అడగాలి. పూర్తి రూట్ కెనాల్ చేయకపోయినా పన్ను తెరిచి లోపలి నరాన్ని తీసేసి, తాత్కాలికంగా మూసి నొప్పి ఆపగలరేమో అడగండి. దానివల్ల డెంటల్ కాలేజీలో తేదీ వచ్చేదాకా ఊపిరి పీల్చుకోవచ్చు.

ఇర్వింగ్ డాలస్ కౌంటీలోది. కౌంటీ ఆసుపత్రి పార్క్‌లాండ్‌కు ఆదాయం తక్కువున్న కౌంటీవాసుల కోసం ఆర్థిక సహాయ పథకం ఉంది. అందులో డెంటల్ ఏ మేరకు వస్తుందో అడగండి. అప్లికేషన్‌లో వాడి ఇర్వింగ్ అడ్రసే ఇవ్వాలి, మీ ఫ్రిస్కో అడ్రస్ ఇస్తే కౌంటీ మారిపోతుంది.

మెడికెయిడ్, అంటే ఆదాయం తక్కువున్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఇన్సూరెన్స్ గురించి ఆశ పెట్టుకోకండి. టెక్సాస్‌లో పిల్లల్లేని, వైకల్యం లేని ఈ వయసు వాళ్లకు ఆదాయం ఎంత తక్కువైనా అది రాదు. కానీ వాడి చెల్లి సంగతి వేరు. 16 ఏళ్ల పిల్లకు ఇంటి ఆదాయాన్ని బట్టి పిల్లల మెడికెయిడ్ గానీ, ఆదాయం దాని పరిమితి దాటిన ఇళ్ల పిల్లలకిచ్చే చిప్ గానీ రావొచ్చు. రెండింట్లోనూ పళ్ల వైద్యం ఉంటుంది. నాన్న జీతం ఆగిపోయిన ఈ సమయంలో అప్లై చేయకపోతే నష్టం ఆ పిల్లకే. సహాయ సమాచారం ఇచ్చే 211 నంబరుకు ఫోన్ చేస్తే అప్లికేషన్ ఎలాగో చెబుతారు, చవక క్లినిక్‌ల వివరాలూ ఇస్తారు. ప్రభుత్వ పథకం అనగానే మనవాళ్లు మొహమాటపడతారు. ఇన్నేళ్లుగా మీ అన్నయ్య కట్టిన పన్నులు ఇందులోకీ వెళ్లాయి, మొహమాటం అక్కర్లేదు.

డబ్బు ఎలా కట్టాలన్న దగ్గర ఒక జాగ్రత్త. డెంటల్ ఆఫీసు కౌంటర్లో మెడికల్ క్రెడిట్ కార్డ్ చేతిలో పెడతారు, ‘12 నెలలు వడ్డీ లేదు’ అంటారు. గడువులోపు చివరి డాలర్‌తో సహా కట్టకపోతే మొదటి రోజు నుంచీ మొత్తం మీద వడ్డీ పడుతుంది, అదీ 30 శాతం దాటే రేటుతో. నెలకు 1,600 తెచ్చుకునే పిల్లాడికి అది ఉచ్చు. మీరు సాయం చేయదలిస్తే ఇక్కడే చేయండి. కాలేజీలో ఏ సిట్టింగ్‌కు ఆ సిట్టింగ్ కట్టే వీలుందేమో కనుక్కోండి, వాడు కొంత, మీరు కొంత కట్టండి. ఎక్కడైనా సరే పని మొదలవకముందే రాతపూర్వకంగా గుడ్ ఫెయిత్ ఎస్టిమేట్, అంటే ఖర్చు ఎంతవుతుందన్న ముందస్తు అంచనా అడగండి. ఇన్సూరెన్స్ లేనివాళ్లకు అది ఇవ్వాలని 2022 జనవరి నుంచి నియమం. డెంటిస్టులకూ అది వర్తిస్తుంది. బిల్లు ఆ అంకె కంటే 400 డాలర్లు లేదా ఆపైన పెరిగితే 120 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు.

మీ అమ్మగారి మాట తోసిపుచ్చడం లేదు. ఎలాగూ హైదరాబాద్ వెళ్తుంటే తొందరలేని పనులు అక్కడ చేయించుకోవడం మంచి ఆలోచనే. కానీ ఈ పన్ను ఆగదు. టికెట్ డబ్బు, పోయే జీతం కలిపితే డెంటల్ కాలేజీ ఖర్చుకంటే పెద్ద తేడా మిగలదు. దారిలో వాపు వస్తే విమానంలో చేయగలిగిందేమీ లేదు.

వాడితో మాట్లాడేటప్పుడు 4,500 అన్న అంకె ఎత్తకండి. ఆ అంకెకే వాడు ముడుచుకుపోయాడు. ‘ఈ కాగితంలో మూడు పనులే నిజంగా కావాలి, అవీ ఒకేసారి కాదు, ఇంకోచోట తక్కువలో చేస్తారు’ అని చెప్పండి. 22 ఏళ్లవాడు కాబట్టి ఏ క్లినిక్ అయినా వాడితోనే మాట్లాడుతుంది, వాడు ఒప్పుకోకపోతే మీకు వివరాలు చెప్పదు. ఫోన్ వాడే చేయాలి. మీరు పక్కన కూర్చుని కాగితం, కలం పట్టుకోండి.

సొంతంగా కొత్త డెంటల్ ఇన్సూరెన్స్ కొనడం పన్ను పని అయ్యాక. గడువులున్నవాటిని మాత్రం ఇప్పుడే చూసుకోవాలి. ముందు వేర్‌హౌస్ హెచ్‌ఆర్‌ను అడగమనండి. పార్ట్‌టైమ్ వాళ్లకు కూడా డెంటల్ ఇచ్చే పెద్ద కంపెనీలున్నాయి, నాన్న ఇన్సూరెన్స్ పోయిందని చెబితే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏడాదికోసారి ప్లాన్‌లో చేరే సమయం) దాకా ఆగకుండా చేర్చుకునే అవకాశం ఉండొచ్చు, దానికి గడువు తరచుగా 30 రోజులే. అది దాటిపోయి ఉన్నా అడిగి చూడాలి. మెడికల్ కోసం ప్రభుత్వ ఇన్సూరెన్స్ వెబ్‌సైట్ హెల్త్‌కేర్ డాట్ గవ్‌లోనూ కవరేజీ పోయిన 60 రోజుల్లో చేరొచ్చు. మీవాడి ఆదాయానికి ప్రీమియంలో సాయం దొరకొచ్చు. అక్కడ డెంటల్ ప్లాన్ విడిగా అమ్మరు, మెడికల్‌తో కలిపి తీసుకుంటేనే ఇస్తారు. విడిగా కొనాలంటే నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరే. అప్పుడు వెయిటింగ్ పీరియడ్, ఏడాది పరిమితి, ముందే ఊడిపోయిన పన్నుకు డబ్బు ఇవ్వబోమనే నిబంధన, ఈ మూడూ చదవకుండా సంతకం పెట్టొద్దు. డెంటల్ హెచ్‌ఎంఓ ప్లాన్లలో చాలావాటికి వెయిటింగ్ పీరియడ్ ఉండదు, ఏడాది పరిమితీ ఉండదు, ఏ పనికి ఎంతన్నది ముందే పట్టికలో ఉంటుంది. కాకపోతే వాళ్ల లిస్టులో ఉన్న డెంటిస్ట్ దగ్గరికే వెళ్లాలి. ఇర్వింగ్ చుట్టుపక్కల ఆ లిస్టులో ఉన్నవాళ్లు కొత్త పేషెంట్లను తీసుకుంటున్నారో లేదో ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి కనుక్కున్నాకే కట్టమనండి.